కట్ట కింద కోడలు

మన ఊళ్లలో చెరువు కట్ట మీద అమ్మవారు లేని చోటు తక్కువ. మా పాలమూరు వైపు కట్ట మైసమ్మ ఉంటుంది. చెరువు నిండితే ఆమెకు బోనం, అలుగు పారితే ఆమెకు మేకపోతు. ఆమె ఎప్పుడూ దేవతే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద కొలువైన ముసలమ్మ అలా కాదు. ఆమె ఒకప్పుడు ఆ ఊరి కోడలు.

కథ చాలామందికి తెలిసిందే. వానలు ముంచెత్తి కట్ట తెగబోతుంది. ఊరంతా మట్టి మోసినా గండి పూడదు. బసిరెడ్డి ఇంటి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప చెరువు నిలవదని దైవవాణి పలుకుతుంది. ఆమె పసుపు కుంకుమలు పెట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచి వెళుతుంది. కట్ట నిలుస్తుంది, ఊరు బతుకుతుంది. సి.పి. బ్రౌన్ అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలో ఉన్న ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి 1899లో కావ్యంగా రాశారు. అప్పటికాయన మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల కుర్రవాడు. 1900లో అచ్చయిన 'ముసలమ్మ మరణం' ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటని సాహిత్య చరిత్రకారులు రాస్తూ వస్తున్నారు. రాజులనీ రాణులనీ వదిలేసి ఒక పల్లెటూరి రైతు ఇంటి కోడలిని కావ్యనాయికను చేయడం ఆ రోజుల్లో నిజంగానే పెద్ద విషయం. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే.

అయితే ఆ కావ్యం గురించి మనం మాట్లాడేటప్పుడు ఒక మాట దగ్గరికి వచ్చి ఆగిపోతాం. ఆ మాట 'త్యాగం'. ఆ మాట అన్నాక ఇంకేమీ అడగడానికి ఉండదు. చేతులు జోడించడమే మిగులుతుంది. నేను కూడా తరగతి గదిలో ఎన్నో ఏళ్లు ఆ మాటతోనే పాఠం ముగించాను, అందరూ ముగించినట్టే. ఆ మాటను విప్పి చూడాలన్న ఆలోచన పుస్తకాల నుంచి రాలేదు. మా చెల్లెలి కూతురు ఆడే వీడియో గేమ్ నుంచి వచ్చింది.

ఆ అమ్మాయి హైదరాబాదులో పుట్టి పెరిగింది. సెలవులకు గద్వాల వస్తుంది. పెబ్బేరు దాటి బస్సు కృష్ణ మీది వంతెన ఎక్కగానే సగం బస్సు లేచి నిలబడుతుంది. ఆడవాళ్లు కొంగుముడి విప్పి చిల్లర తీసి కిటికీలోంచి నీళ్లలోకి విసురుతారు. అటువైపు ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని మళ్లీ కూర్చుంటారు. ఎర్రవల్లి చౌరస్తా వచ్చేదాకా కృష్ణమ్మ కబుర్లే. ఒకసారి పక్క సీటులో ఉన్న ముసలామె, "ఊకెనే నిలబడ్తదా బిడ్డా ఇంత పెద్ద బ్రిడ్జి? పిల్లలను ఇచ్చిన్రంట అప్పట్ల" అంది. వంతెన కడుతున్నారంటే పిల్లలను ఎత్తుకుపోతారనే భయం నా చిన్నప్పుడు మా ఇళ్లలోనూ ఉండేది. ఈ వంతెన ఒక్కదాని గురించే కాదు, దేశంలో ఎన్నో వంతెనల గురించి ఈ పుకారు పుట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను. అమ్మాయి మాత్రం నా వైపు తిరిగి, "పెద్దమ్మా, ఇది అచ్చం యూనా కథలా ఉంది" అంది.

యూనా ఎవరో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. 2001లో జపాన్‌లో స్క్వేర్ అనే సంస్థ 'ఫైనల్ ఫాంటసీ టెన్' అనే ఆటను విడుదల చేసింది. కథకుడు కజుషిగే నొజిమా. ఆట అంటే గురి చూసి కాల్చడం కాదు, పెద్ద నవల చదివినంత సేపు సాగే కథ. అందులో స్పైరా అనే లోకం ఉంది. చుట్టూ నీళ్లే. ఆ నీళ్లలోంచి సిన్ అనే మహాభూతం లేచి వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెడుతుంది. సిన్ అంటేనే పాపం. మీరు చేసిన పాపాలకే ఈ శిక్ష అని యెవోన్ మతం జనానికి చెబుతుంది. దాన్ని ఆపే దారి ఒక్కటే. పూజారిణుల వంటివాళ్లు, ఆటలో వాళ్లను సమ్మనర్లు అంటారు, గుడి తర్వాత గుడి తిరిగి శక్తులు సంపాదించి, చివరికి ఒక శిథిల నగరానికి చేరి అక్కడ ఆఖరి ఆవాహన చేయాలి. సిన్ చస్తుంది. ఆవాహన చేసిన మనిషి కూడా చస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రశాంతంగా గడుస్తాయి.

యూనాకు పదిహేడేళ్లు. పదేళ్ల కిందట ఆమె తండ్రి బ్రాస్కా అదే పని చేసి చనిపోయాడు. ఇప్పుడు ఆమె బయలుదేరింది. దారి పొడవునా జనం ఆమెకు దండాలు పెడతారు, పిల్లలను ఎత్తి చూపిస్తారు. ఆమె నవ్వుతూనే ఉంటుంది. మనం ఆడేది టీడస్ అనే కుర్రవాడిగా. అతను వేరే లోకం నుంచి వచ్చిపడ్డాడు. యాత్ర ముగిశాక ఎక్కడెక్కడ తిరుగుదామో యూనాతో ఉత్సాహంగా చెబుతుంటాడు. ఆ యాత్రకు 'తర్వాత' లేదని తోటివాళ్లందరికీ తెలుసు, అతనికి తప్ప. ఆట సగం దాటాక అతనికి తెలుస్తుంది, ఆడేవాళ్లకు కూడా అప్పుడే తెలుస్తుంది. అంతదాకా ముచ్చటగా కనిపించిన ఆ నవ్వు, ఆ దండాలు, ఆ ఊరేగింపు ఒక్కసారిగా మరోలా కనిపిస్తాయి.

మా అమ్మాయి చూపించిన దానికన్నా, ఆమె తన స్నేహితులతో చేసే వాదన నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఈ ఆట అభిమానులు ఇరవై ఏళ్లు దాటినా అవే ప్రశ్నలు తవ్వుతున్నారు. యూనా నిజంగా తనంతట తానే ఎంచుకుందా? మహాత్యాగి బిడ్డగా పెరిగిన పిల్ల ముందు ఇంకో దారి ఉందా? ఆమె మధ్యలో వద్దంటే ఈ దండాలు పెట్టిన జనం ఏం చేసేవాళ్లు? ఇదే వరుసలో 1997లో వచ్చిన ఏడో ఆటలో ఏరిత్ అనే అమ్మాయి ప్రార్థన చేస్తూ ఉండగా హత్యకు గురవుతుంది. ఆమె చావు తెలిసి ఎదురెళ్లిందా, లోకాన్ని కాపాడే పనిలో ఉండగా చంపేశారా అన్నది అక్కడి వాదన. రెండూ ఒకటి కాదు కదా. మొదటిది త్యాగం, రెండోది హత్య. ఆమెను బతికించే రహస్య మార్గం ఆటలో ఎక్కడో దాగి ఉందని నమ్మి ఏళ్ల తరబడి వెతికినవాళ్లు ఉన్నారు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఒక కల్పిత బాలిక చావును ఒప్పుకోలేక ఇన్ని ప్రశ్నలు వేసే పిల్లలున్నారు. ముసలమ్మ గురించి, మన ఇళ్లలోని ముసలమ్మల గురించి మనం ఒక్కటీ వేయలేదు.

వాళ్ల ప్రశ్నలను నేను మూడుగా కుదించుకున్నాను. ఆమెకు ముందే తెలుసా? ఆమె వద్దనగలిగేదా? ఆమె చనిపోవడం వల్ల జరుగుతుందన్నది జరిగిందా? ఇవి అభిమానుల ఊహాగానాల్లా కనిపిస్తాయి గానీ నిజానికి చరిత్ర వేయాల్సిన ప్రశ్నలు.

కాబట్టి కథను పక్కనపెట్టి చరిత్రను అడుగుదాం. చెరువు కట్ట కోసం మనుషులను బలి ఇవ్వడం గురించి ఈ ప్రాంతంలో కంటితో చూసినవాళ్లు రాసింది ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయలు నేటి హోస్పేట దగ్గర కట్టిస్తున్న పెద్ద చెరువును వర్ణించాడు. పదిహేను, ఇరవై వేలమంది చీమల బారుల్లా పనిచేస్తున్నారని, వాళ్లు నిలబడ్డ నేల కూడా కనిపించలేదని రాశాడు. ఆ చెరువు రెండు మూడుసార్లు తెగింది. రాజు బ్రాహ్మణులను అడిగాడు. దేవుడు రక్తం కోరుతున్నాడన్నారు. అరవైమంది మనుషుల తలలు, కొన్ని గుర్రాలు, దున్నల తలలు గుడి వాకిట్లో నరికించారని పాయెస్ రాశాడు. కొన్నేళ్ల తర్వాత ఇదే సంగతి రాసిన నూనిజ్, చంపింది మరణశిక్షకు తగిన ఖైదీలను అని చెప్పాడు.

ఈ రెండు రచనలను రాబర్ట్ స్యూయెల్ ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేసింది 1900లో. అంటే 'ముసలమ్మ మరణం' అచ్చయిన ఏడాదే. పక్కపక్కనే పెట్టుకుని చదవాల్సిన రెండు పుస్తకాలు ఒకే సంవత్సరం వచ్చాయి. ఒకదాంట్లో తలలు నరికించుకున్న ఖైదీలు ఉన్నారు. వాళ్లకు పేర్లు లేవు, గుడి లేదు, కావ్యం లేదు. వాళ్లను ఎవరూ త్యాగమూర్తులు అనలేదు. రెండోదాంట్లో నవ్వుతూ నడిచి వెళ్లిన కోడలు ఉంది. చరిత్రలో కనిపించేది చెయ్యి పట్టి లాక్కొచ్చిన మనిషి. కథలో కనిపించేది తనంతట వచ్చిన మనిషి. చంపడం రాజుకు తేలికే, కానీ తర్వాత ఆ కట్ట మీద నడిచే జనానికి మనసు కుదుటపడాలి కదా. చచ్చిన మనిషి ఇష్టపడి చచ్చిందంటేనే ఆ నీళ్లు గొంతు దిగుతాయి.

ఇక్కడ ఇంకో సాక్ష్యం కూడా చూడాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు హంగులు ఏమిటో, చెరువును పాడుచేసే ఆరు దోషాలు ఏమిటో అందులో చెక్కించాడు. కట్టలో నీరు ఊరడం దోషం. చవిటి నేల దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువైనా దోషమే. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని లెక్క కూడా చెప్పాడు. ఆ దోషాల జాబితాలో కోడలిని బలి ఇవ్వకపోవడం లేదు! కట్టలు ఎందుకు తెగుతాయో ఆ కాలం వాళ్లకు తెలియక బలులు పుట్టాయని మనం అనుకుంటాం. తెలుసు. పూడిక తీయకపోతే, అలుగు సరిపోకపోతే, తూము పాడైతే కట్ట తెగుతుందని చెరువు కింద వ్యవసాయం చేసే ఎవరికైనా తెలుసు. ఆ పనులు ఏటా చేయాలి, ఊళ్లో అందరూ చేయాలి, పెద్ద రైతులు తమ వాటా తామివ్వాలి. అవి చేయనప్పుడు తెగిన గండికి ఒక మనిషి ఒళ్లు అడ్డం పెట్టడం దైవాజ్ఞ అవుతుంది.

మరి ఆ మనిషి కోడలే ఎందుకు? అందులోనూ చిన్న కోడలే ఎందుకు? ఇది మన ఒక్క ఊరి కథ కాదు. పక్కనున్న కన్నడంలో 'కెరెగె హార' అనే జానపద గేయం ఉంది. చెరువు తవ్వితే చుక్క నీరు పడలేదు. జోస్యం అడిగితే బలి కావాలన్నారు. మామ మల్లనగౌడ చిన్న కోడలు భాగీరథిని ఎంచుకున్నాడు. ఆమె పుట్టింటికి వెళ్లింది. కన్నవాళ్లకు విషయం చెప్పలేకపోయింది. అత్తింట్లో వేరు పడతారనుకుని వాళ్లేవో ఓదార్పు మాటలు చెప్పారు. చివరికి స్నేహితురాలికి చెబితే ఆమె కూడా సర్దుకుపొమ్మనే అంది. భాగీరథి తిరిగొచ్చి పూజ చేస్తున్నట్టే మెట్టు మెట్టు దిగింది, నీళ్లు మెట్టు మెట్టు ఎక్కాయి. దండులో ఉన్న భర్త వచ్చి సంగతి తెలిసి అదే చెరువులో దూకాడు.

సముద్రాలు దాటి వెళ్లినా ఇదే. గ్రీసులో ఆర్టా వంతెన పగలు కడితే రాత్రి కూలిపోయేది. మేస్త్రీ భార్యను పునాదిలో పెట్టారు. సెర్బియాలో స్కదర్ కోట కట్టే ముగ్గురు అన్నదమ్ముల్లో, మర్నాడు ఎవరి భార్య అన్నం తెస్తే ఆమెనే గోడలో కట్టేయాలని ఒప్పందం. పెద్దవాళ్లిద్దరూ రాత్రే తమ భార్యలకు రహస్యం చెప్పేశారు. చిన్నవాడు మాట మీద నిలబడ్డాడు. అందుకని చిన్నదే బలైంది. పసిబిడ్డకు పాలివ్వడానికి రొమ్ముల దగ్గర మాత్రం సందు వదలమని బతిమాలుకుంది. రుమేనియాలో మేస్త్రీ మనోలె భార్య అనా కూడా అన్నం మూటతో వచ్చే దారిలోనే దొరికిపోయింది. జానపద శాస్త్రవేత్త ఆలన్ డండెస్ 1996లో ఈ కథల మీద వచ్చిన వ్యాసాలను ఒక సంపుటిగా తెచ్చారు. ఇందులో గోడ అంటే పెళ్లే, ఆడదాన్ని అత్తింటి గోడలో పెట్టి కట్టేయడమే అని ఆయన చదివారు.

ఆ చదువు సబబే. కాని ఇంట్లో కోడళ్లుగా బతికినవాళ్లకు అంత దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. చిన్న కోడలు ఇంట్లోకి అందరికన్నా తర్వాత వచ్చింది. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఆ ఊళ్లో లేరు. పెద్ద కోడలికి తాళాలున్నాయి, నడిమి కోడలికి పెరిగిన కొడుకులున్నారు. పుట్టింటి ఆడబిడ్డ పరాయి ఇంటి సొత్తు, ఆమెను అడగడానికి లేదు. మిగిలింది ఎవరు? దైవవాణి కూడా ఇంటి లెక్కలు చూసుకునే పలికింది. చివరగా అన్నం తినే మనిషి చావులో మాత్రం ముందు వరసలో ఉంది.

అయినా ఈ కథలు పాడినవాళ్లలో ఆడవాళ్లున్నారు. అందుకే వాటిలో అక్కడక్కడ గొంతు మారుతుంది. ఆర్టా పునాదిలో మూసుకుపోతున్న ఆమె ముందు శపిస్తుంది. తన గుండె వణికినట్టు ఈ వంతెన వణకాలి, దాటేవాళ్లు రాలిపోవాలి అంటుంది. నీ తమ్ముడు పరదేశంలో ఉన్నాడు, రేపు ఈ వంతెన మీదుగానే వస్తాడేమో అని గుర్తుచేస్తారు. అప్పుడు శాపాన్ని తిప్పి దీవెన చేస్తుంది. ఆ దీవెన ఎట్లా పుట్టిందో చూడండి. ఆమెకు ఇష్టమైనవాళ్లను అడ్డం పెట్టి ఆమె చేత పలికించారు. మన త్యాగాలన్నీ ఇలాగే ఉంటాయి. పిల్లల మొహం చూసి, తమ్ముడి చదువు చూసి, నాన్న పరువు చూసి. అడిగేవాళ్లెప్పుడూ ఆమె కోసం అడగరు.

ముసలమ్మను తోసేశారని తేల్చడం నా ఉద్దేశం కాదు. ఆమెకు సొంత నిర్ణయం లేదనడం కూడా మరో అవమానమే. ఊరు మునిగిపోతుంటే తన ప్రాణం లెక్కపెట్టని మనుషులు ఉంటారు, ఆడవాళ్లలోనూ ఉంటారు. పేరంటాళ్ల గుళ్లలో చీర, గాజులు, పసుపు పెట్టి మొక్కే ఆడవాళ్లు వెర్రివాళ్లేమీ కాదు. తమలాంటిదే ఒకతె అక్కడ కూర్చుంది, తమ కష్టం ఆమెకు తెలుస్తుందన్న నమ్మకం అది. కాని వద్దనే వీలు ఉన్నప్పుడే సరే అనే మాటకు విలువ. పేరు పెట్టి పిలిచాక, ఊరంతా వాకిట్లో నిలబడ్డాక, 'వెళ్లను' అనే మాటకు ఆమె నోట్లో చోటుందా? ఆమె వెళ్లనంటే కట్ట తెగిన పాపం ఎవరి మెడకు చుట్టుకునేది? పేరేమో ముసలమ్మ. ముసలితనం దాకా బతికే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

1899 నాటికి ఈ కథ ఒక చదువుకున్న యువకుడికి ఎందుకు నచ్చిందో కూడా ఆలోచించాలి. బాల్యవివాహాలు, వితంతు వివాహాల మీద వాదోపవాదాలు జోరుగా సాగుతున్న కాలం. మన స్త్రీలు అణగారినవాళ్లు అని తెల్లవాళ్లు అంటున్నారు. కాదు, మన స్త్రీలు ఊరి కోసం ప్రాణమిచ్చే వీరవనితలు అని చూపించాల్సిన అవసరం ఉంది. ఆ అవసరానికి తనంతట తాను నడిచి వెళ్లే ముసలమ్మ కావాలి. ఏడ్చే ముసలమ్మ, శపించే ముసలమ్మ పనికిరాదు. ఆ తర్వాత దేశాన్నే తల్లిని చేసుకున్నాం, తల్లిని త్యాగానికి మారుపేరు చేసుకున్నాం. ఆ బరువు ఈనాటికీ మన నెత్తి మీదే ఉంది.

ఇక మూడో ప్రశ్న. బలి వల్ల పని జరిగిందా? ఇక్కడే ఆ ఆట నన్ను ఆశ్చర్యపరిచింది. యూనా చివరి గుడి దాకా వెళ్తుంది. మొట్టమొదట ఈ ఆవాహన చేసిన యూనలెస్కా అక్కడ ఎదురై అసలు సంగతి చెబుతుంది. సిన్‌ను చంపిన శక్తే తర్వాత కొత్త సిన్ అవుతుంది. ఆ శక్తి మరేదో కాదు, యాత్రలో తోడు వచ్చిన మనిషే అలా మారాలి. అంటే ఒక్కరు కాదు, ఇద్దరు పోతారు. పోయినా ఆ భూతం తిరిగి వస్తుంది. ఇంతమంది చనిపోయింది కొన్నేళ్ల ఊరట కోసం. పైగా, ఆశ అంటూ ఒకటి ఉండాలి కాబట్టి ఈ అబద్ధం ఉండాలని యూనలెస్కా వాదిస్తుంది. యూనా ఒప్పుకోదు. తన తండ్రిని కూడా మింగిన ఆ అబద్ధాన్ని కాదని, ఆ బలిపీఠాన్నే లేకుండా చేసి, వేరే దారి వెతుకుతుంది. ఇందులో మనకు ముచ్చటైన సంగతి ఇంకోటి ఉంది. ఆమెను ఆపాలని మొదటి నుంచీ ప్రయత్నించినవాళ్లు యెవోన్ మతం వెలివేసిన అల్ బెడ్ జనం. వాళ్ల నాయకుడు సిడ్ యూనాకు సొంత మేనమామ, రిక్కు అతని కూతురు. చావబోతున్న పిల్లలను ఎత్తుకెళ్లి దాచిపెడతారు. భాగీరథి పుట్టింటికి వెళ్లి నోరు విప్పలేకపోయింది. ఇక్కడ పుట్టింటివాళ్లే అడ్డం పడ్డారు.

బలి తిరిగి తిరిగి రావడం అనేది నాకు కథలా అనిపించలేదు. బీచుపల్లి దగ్గర చూస్తే కృష్ణ ఎంత నెమ్మదిగా కనిపిస్తుందో! ఆ నీళ్లు దిగువకు పోయి చేరేది శ్రీశైలం జలాశయంలోకి. 1963లో నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో నదికి రెండువైపులా వందకు పైగా గ్రామాలు, లక్షమందికి పైగా జనం. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఆ ముంపు తగలని బంధువర్గం లేని ఇల్లు అరుదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, అలంపూరు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చాళుక్యుల నాటి శిల్పం దక్కినందుకు నాకూ సంతోషమే. ఆ ఊళ్ల ఇళ్లకు అంత ఓపిక ఎవరూ చూపలేదు.

అప్పుడు వాడిన మాట కూడా త్యాగమే. దేశం కోసం, కరెంటు కోసం, సాగునీటి కోసం త్యాగం చేశారన్నారు. ఈనాటికీ ప్రాజెక్టుల దగ్గర ఉపన్యాసాల్లో నిర్వాసితులు త్యాగధనులే. 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ముంపులో నష్టపోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అని. మా వైపు 'తొంభై ఎనిమిది జీవో' అంటే చాలు, వేరే వివరం అక్కర్లేదు. ఆ ఉద్యోగం కోసం కొల్లాపూరు నుంచి అలంపూరు దాకా తిరిగి తిరిగి ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు. సరే, ఆ జీవో లెక్కలో ఆడవాళ్లెక్కడ? పట్టా మగవాడి పేరు మీద ఉంది కాబట్టి పరిహారం మగవాడి చేతికి వచ్చింది. కుటుంబానికి ఒక ఉద్యోగం అంటే ఇంటి మగపిల్లవాడికే.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఉండేది. నది తగ్గాక ఇసుకలో దోస పాదులు పెట్టి, గంపలో ఊరూరా తిరిగి అమ్మేది. ఆ డబ్బు ఆమెది, మొగుడు అడిగేవాడు కాదు. పొలం గట్ల మీద దొరికే ఆకుకూర, పెరట్లో మునగచెట్టు, పక్కింటి ఆమె దగ్గర చేబదులు, పురుడు పోసే మంత్రసాని, పిలిస్తే పలికే అంత దూరంలో చెల్లెలి ఇల్లు. వీటిలో ఒక్కటి కూడా పరిహారం కాగితంలో లేదు. ఊరు మునిగాక ఇద్దరక్కచెల్లెళ్లూ చెరో దిక్కుకు పోయారు. "గవర్మెంటోళ్లు ఇంటికాడికొచ్చి అడిగిన్రు గద" అని నేనంటే, "ఆయన్ను అడిగిన్రు. నన్నెవరడిగిన్రు?" అంది. నేను చదివిన స్త్రీవాద సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇస్తానని ఆమె అనలేదు. ఇచ్చిందని మాత్రం రాసుకున్నారు.

పోనీ, ఆ బలితో నది తృప్తిపడిందా? 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలకు వచ్చిన వరద అలంపూరునూ కర్నూలునూ ముంచింది. అంతకుముందు ఊళ్లు వదులుకున్న ప్రాంతాలే మళ్లీ నీళ్లలో నిలబడ్డాయి. స్పైరాలో సిన్ తిరిగొచ్చినట్టే. అక్కడ మీ పాపమే కారణమని గుడి చెప్పింది. ఇక్కడ అసాధారణ వర్షమే కారణమని చెప్పారు. ఎవరి పొలం ఎవరి కోసం పోయింది, ఆ కరెంటు ఎవరింట్లో వెలిగింది అన్న ప్రశ్న మాత్రం ఎప్పటిలా పక్కకు పోయింది.

ఆట ముగింపు మీద మా అమ్మాయికీ ఆమె స్నేహితురాలికీ ఇంకా తగువు తెగలేదు. సిన్ శాశ్వతంగా పోతుంది, యూనా బతుకుతుంది. కాని టీడస్ మాయమైపోతాడు. ఎప్పుడో చనిపోయినవాళ్లు కంటున్న కలలోని మనిషి అతను. ఆ కల ముగిస్తే అతనూ ఉండడు. అతనికి ముందే తెలుసు, యూనాకు చెప్పడు. మొదట ఆమె అతనికి చెప్పలేదు, చివర అతను ఆమెకు చెప్పలేదు. చూశావా, బలి పోలేదు, ఆడపిల్ల మీంచి మగపిల్లవాడి మీదికి మారిందంతే అని స్నేహితురాలి వాదన. అతను పోయింది కొన్నేళ్ల ఊరట కోసం కాదు, బలుల చక్రమే ఆగడానికి, రెండూ ఒకటెలా అవుతాయి అని మా అమ్మాయి వాదన. 2003లో వచ్చిన తర్వాతి భాగంలో యూనాయే కథానాయిక. బతికి బయటపడిన అమ్మాయి తనకేం కావాలో వెతుక్కుంటూ తిరుగుతుంది. అక్కడ టీడస్ తిరిగి వస్తాడా లేదా అన్నది ఆడేవాళ్లు ఎలా ఆడారన్న దాన్నిబట్టి ఉంటుంది. త్యాగానికి అంత గొప్ప ముగింపు ఇచ్చి మళ్లీ పాడుచేశారని కోప్పడే అభిమానులున్నారట. బతికిన ఆడపిల్ల కథ కన్నా చచ్చిన ఆడపిల్ల కథే గొప్పగా అనిపించే అలవాటు మనకొక్కరికే లేదన్నమాట.

నేను వాళ్ల తగువు తీర్చలేను. తీర్చాల్సిన పని కూడా లేదు. ప్రశ్న తెగకుండా ఉండటమే మేలు. 'త్యాగం' అన్న మాట వినపడిన ప్రతిచోటా ఆ మూడు ప్రశ్నలూ వేసే అలవాటు మనకు రావాలి. ఆమెకు ముందే అంతా చెప్పారా? వద్దంటే ఏమయ్యేది? ఆమె ఇచ్చింది ఎవరికి చేరింది? ఊరి చెరువు కథలో వేయాలి, ప్రాజెక్టు శిలాఫలకం ముందు వేయాలి. తన చదువు మానుకుని తమ్ముళ్లను చదివించిన అక్కల గురించి మనం గొప్పగా చెప్పుకునేటప్పుడూ వేయాలి.

పోరుమామిళ్ల శాసనం వేయించినవాళ్లు 650 ఏళ్ల కిందటే కూలీల లెక్క, బండ్ల లెక్క రాతి మీద చెక్కించారు. మన నది ఒడ్డున పోయిన పెరళ్ల లెక్క, దోస పాదుల లెక్క, విడిపోయిన అక్కచెల్లెళ్ల లెక్క ఎక్కడా లేదు. 1981లో ఇరవై ఏళ్ల కోడళ్లుగా మూట నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. అప్పుడు నలభై ఏళ్లున్నవాళ్లలో చాలామంది ఇప్పటికే లేరు. మిగిలినవాళ్లు గద్వాలలో, పెబ్బేరులో, కొల్లాపూరులో, అలంపూరు చుట్టుపక్కల మనవలను ఎత్తుకుని అరుగుల మీద కూర్చుని ఉన్నారు. చరిత్ర చదివే పిల్లలు, పరిశోధనకు అంశం దొరకలేదనే పిల్లలు ఒక నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాలి. మీరు చేసిన త్యాగం గురించి చెప్పండి అని మాత్రం మొదలుపెట్టకండి. మిమ్మల్ని ఎవరైనా అడిగారా అని అడగండి. తర్వాత వాళ్లే చెబుతారు.